ఒకే కొలబద్ద మీద తొమ్మిది గళ్ళు

గ్రాఫు సంఖ్యల పట్టికను కంటికి అందే గీతగా మార్చే సాధనం. ఒక రాశి మారుతున్నప్పుడు దానితోపాటు మరొక రాశి ఎలా మారుతుందో చెప్పడానికి ఒక అడ్డ అక్షం, ఒక నిలువు అక్షం, వాటి మధ్య నడిచే ఒక గీత చాలు. అయితే ప్రకృతిలో ఏ రాశీ మరొక్క రాశికే కట్టుబడి ఉండదు. ఒక ఉక్కు కడ్డీ ఎంత సాగుతుందన్నది గడిచిన కాలం మీదనే కాక, దానికి వేలాడదీసిన బరువు మీద, అది భరిస్తున్న వేడి మీద, దానిని తయారుచేసిన తీరు మీద కూడా ఆధారపడుతుంది. అప్పుడు ఒక గ్రాఫుతో పని జరగదు, తొమ్మిదో పదో కావలసివస్తాయి. వాటిని పది పేజీలలో చెదరగొడితే పాఠకుడు ఒకదానిని మనసులో పెట్టుకుని మరొకదాని దగ్గరికి వెళ్ళాలి, వెళ్ళేలోగా మొదటిది మసకబారుతుంది. వాటినే ఒక పటంలో పక్కపక్కన గళ్ళుగా పేరిస్తే, జ్ఞాపకం మోయవలసిన భారాన్ని చూపు మోస్తుంది.

ఈ పేర్పు పైకి అందానికి సంబంధించిన విషయంలా కనిపిస్తుంది. నిజానికి ఏ రెండింటిని పోల్చాలి, ఏ కొలబద్ద మీద పోల్చాలి అన్న శాస్త్రీయ నిర్ణయం అందులో ఇమిడి ఉంటుంది. ఆ నిర్ణయం ఎంత బరువైనదో తెలియజెప్పడానికి ఉక్కు నగరంలోని ఒక పరిశోధనశాల పనిని ఉదాహరణగా తీసుకోవచ్చు.

బర్మామైన్స్‌లో వేలాడే బరువులు

ఝార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్‌లో బర్మామైన్స్ అనే పేటలో నేషనల్ మెటలర్జికల్ లాబొరేటరీ, అంటే జాతీయ లోహ పరిశోధనశాల ఉంది. 1946 నవంబరు 21న చక్రవర్తి రాజగోపాలాచారి దీనికి శంకుస్థాపన చేయగా, 1950 నవంబరు 26న ప్రధాని జవాహర్‌లాల్ నెహ్రూ దీనిని ప్రారంభించారు. శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి కింద పనిచేసే ఈ సంస్థలోని క్రీప్ పరీక్షాకేంద్రం ఆసియాలోని పెద్ద కేంద్రాలలో ఒకటి.

క్రీప్ అంటే పాకుడు. లోహాన్ని అక్కడికక్కడే తెంపడానికి చాలని బరువు కూడా, ఆ లోహం తగినంత వేడిగా ఉన్నప్పుడు, దానిని రోజులు, నెలలు, ఏళ్ళ తరబడి అతి నెమ్మదిగా సాగదీస్తూ చివరికి తెంపుతుంది. లోహం కరిగే ఉష్ణోగ్రతను పరమమానంలో, అంటే కెల్విన్‌లలో కొలిచి, అందులో సుమారు 40 శాతం దాటిన తరువాత ఈ పాకుడును లెక్కలోకి తీసుకోక తప్పదు. సీసం 600 కెల్విన్ దగ్గర కరుగుతుంది కాబట్టి 300 కెల్విన్ ఉండే మామూలు గదిలోనే అది పాకుతుంది. పాత భవనాల సీసపు గొట్టాలు తమ బరువుకు తామే కిందికి జారడానికి కారణం ఇదే. ఉక్కుకు ఆ పరిస్థితి బాయిలరులో ఎదురవుతుంది. విజయవాడ, రామగుండం వంటి బొగ్గు విద్యుత్కేంద్రాలలో ఆవిరి సుమారు 540 డిగ్రీల సెల్సియస్ వేడితో, గొట్టాలను లోపలినుంచి గట్టిగా ఒత్తుతూ ప్రవహిస్తుంది. 400 డిగ్రీలు, అంతకు పైన పనిచేసే బాయిలరు భాగాలు లక్ష గంటలు నడిచాక వాటికి ఇంకెంత ఆయుష్షు మిగిలి ఉందో పరీక్షించాలని భారత బాయిలరు నిబంధనలు చెబుతాయి. లక్ష గంటలంటే ఎడతెగకుండా నడిచినా పదకొండేళ్ళ అయిదు నెలలు.

పరీక్ష చూడడానికి నిరాడంబరంగా ఉంటుంది. పెన్సిలంత మందాన చెక్కిన ఉక్కు నమూనాను నిలువుగా బిగించి, దాని చుట్టూ విద్యుత్ కొలిమిని అమర్చి, తులాదండం లాంటి మీటకు ఒక కొసన బరువులు వేలాడదీసి, రెండో కొసన నమూనాను లాగుతారు. ఉష్ణోగ్రత రెండు మూడు డిగ్రీలకు మించి అటూ ఇటూ కదలకుండా కాపాడుతూ, నమూనా ఎంత సాగిందో మిల్లీమీటరులో వెయ్యోవంతు దాకా కొలుస్తారు. నమూనా అడ్డుకోతలోని ప్రతి చదరపు మిల్లీమీటరు మీద పడే బలాన్ని ప్రతిబలం అంటారు. అసలు పొడవులో ఎన్నో వంతు సాగిందో చెప్పే సంఖ్యను వికృతి అంటారు. కాలాన్ని అడ్డంగా, వికృతిని నిలువుగా గీస్తే వచ్చే గీతకు మూడు అంచెలుంటాయి: మొదట చురుగ్గా లేచి నెమ్మదించే దశ, తరువాత దాదాపు సరళరేఖగా సాగే స్థిరదశ, చివర తెగిపోయేముందు నిటారుగా పైకి లేచే దశ. 1910లో భౌతికశాస్త్రవేత్త ఆండ్రేడ్ సీసపు, రాగి తీగల మీద చేసిన ప్రయోగాల నాటినుంచి ఈ ఆకారం లోహశాస్త్రజ్ఞులకు సుపరిచితం.

ఇలాంటి ఒక గీత ఒక ఉష్ణోగ్రతకు, ఒక ప్రతిబలానికి మాత్రమే చెల్లుతుంది. మూడు ఉష్ణోగ్రతలు, మూడు ప్రతిబలాలు తీసుకుంటే తొమ్మిది నమూనాలు, తొమ్మిది కొలుములు, తొమ్మిది గీతలు అవుతాయి. వాటిని చూపే పద్ధతి గురించిన ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది.

అన్నీ ఒకే చట్రంలోనా, గడికొకటా?

తొమ్మిది గీతలనూ ఒకే చట్రంలో తొమ్మిది రంగులతో గీయడం అందరికీ తోచే మొదటి ఉపాయం. మూడు నాలుగు గీతల వరకు అది మేలైనది కూడా, ఎందుకంటే ఒకదాని మీద ఒకటి పడిన గీతల మధ్య ఎడం నేరుగా కనిపిస్తుంది. అంతకు మించితే గీతలు చిక్కుపడతాయి. ఏ రంగు ఏ పరీక్షదో తెలుసుకోవడానికి పాఠకుడు మూలనున్న సూచికకూ గీతకూ మధ్య పదేపదే తిరుగుతాడు, నలుపు తెలుపులో అచ్చయితే ఆ దారీ మూసుకుపోతుంది. అదే తొమ్మిది గళ్ళుగా విడదీసి, నిలువు వరుసలకు 540, 570, 600 డిగ్రీలనీ, అడ్డ వరుసలకు మూడు ప్రతిబలాలనీ పేర్లు పెడితే సూచిక అవసరమే ఉండదు. గడి ఉన్న చోటే దాని పేరు అవుతుంది. ఎడమనుంచి కుడికి పోతే వేడి ఒక్కటే పెరుగుతుంది, పైనుంచి కిందికి వస్తే బరువు ఒక్కటే తగ్గుతుంది. పొరుగున ఉన్న ఏ రెండు గళ్ళ మధ్యనైనా మారేది ఒక్క అంశమే కావడం ఈ పద్ధతికి ప్రాణం.

ఈ ఆలోచన కొత్తది కాదు. గెలీలియో 1612 వేసవిలో సూర్యబింబం మీది మచ్చలను రోజూ దాదాపు ఒకే వేళకు, ఒకే పరిమాణంలో గీసి, మరుసటి ఏడు వరుసగా అచ్చువేయించాడు; మిగతావన్నీ స్థిరంగా ఉండి తేదీ మాత్రమే మారడం వల్ల, ఆ బొమ్మలను వరుసగా చూసినవారికి సూర్యుడు తన చుట్టూ తాను తిరగడం తెలిసివచ్చింది. 1874లో ఫ్రాన్సిస్ వాకర్ రూపొందించిన అమెరికా గణాంక అట్లాసు రాష్ట్రానికొక చిన్న చదరం చొప్పున పేర్చి జనాభా కూర్పును చూపింది. 1983లో ఎడ్వర్డ్ టఫ్టీ తన గ్రంథంలో ఇలాంటి చిరుపటాల వరుసకు ఒక పేరు పెట్టి ప్రచారంలోకి తెచ్చాడు. ఒక గడిని చదవడం నేర్చుకున్న పాఠకుడికి మిగతా గళ్ళు చదవడం వచ్చేసినట్టే కాబట్టి, అతని ధ్యాసంతా గడికీ గడికీ ఉన్న తేడా మీదనే నిలుస్తుంది.

పక్కపక్కనా, కిందా మీదా?

గళ్ళను అడ్డంగా పేర్చాలా, నిలువుగా పేర్చాలా అన్నది కాగితంలో ఉన్న చోటును బట్టి తేల్చే విషయంగా చాలామంది భావిస్తారు. కానీ అందులో చూపు పాత్ర కూడా ఉంది. 1984లో విలియం క్లీవ్‌లాండ్, రాబర్ట్ మెక్‌గిల్ అనే గణాంకవేత్తలు మనుషుల చూపు గ్రాఫులను ఎలా చదువుతుందో ప్రయోగాలతో పరిశీలించారు. ఒకే కొలబద్ద వెంబడి ఉన్న రెండు బిందువుల స్థానాలను పోల్చడంలో మనిషి చేసే పొరపాటు అన్నిటికన్నా తక్కువనీ, కోణాలనూ వైశాల్యాలనూ పోల్చేటప్పుడు పొరపాటు పెరుగుతుందనీ వారు తేల్చారు. గళ్ళ అమరికకు కావలసిన సూత్రం ఇందులోనే ఉంది.

రెండు గళ్ళు పక్కపక్కన ఉంటే వాటి నిలువు అక్షాలు ఒకే ఎత్తులో ఉంటాయి. ఒక గడిలోని గీత ఎత్తునుంచి అడ్డంగా చూపు సారిస్తే రెండో గడిలోని ఎత్తు తగులుతుంది. కాబట్టి వెయ్యి గంటలకు ఏ ఉక్కు ఎంత సాగిందన్నది ప్రశ్న అయినప్పుడు, సాగుదల నిలువు అక్షం మీద ఉంటుంది గనుక, గళ్ళు పక్కపక్కన ఉండాలి. అలాకాక ఏ నమూనా ఎన్ని గంటలకు తెగిందన్నది ప్రశ్న అయితే, కాలం అడ్డ అక్షం మీద ఉంటుంది గనుక, గళ్ళను ఒకదాని కింద ఒకటి పేర్చాలి. అప్పుడు ఒక నిలువు గీతను పైనుంచి కిందికి జార్చితే ఏది ముందు తెగిందో, ఏది ఇంకా నిలిచి ఉందో ఒక్కసారిగా తెలుస్తుంది. అవే గీతలు, అవే సంఖ్యలు. పేర్పు మారితే పటం జవాబు చెప్పే ప్రశ్న మారుతుంది. ఏ ప్రశ్నో ముందు తేల్చుకోకుండా పేర్చిన పటం ఏ ప్రశ్నకూ సరిగా జవాబు చెప్పదు.

కొలబద్ద విషయంలో నిజాయితీ

గళ్ళన్నిటికీ కొలబద్ద ఒకటే కావడం ఎంత ముఖ్యమో ఆస్పత్రిలో తీసే ఈసీజీ కాగితం చూస్తే తెలుస్తుంది. గుండె విద్యుత్ స్పందనలను పన్నెండు దిక్కులనుంచి నమోదు చేసి, సాధారణంగా మూడు అడ్డ వరుసలలో, నాలుగు నిలువు వరుసలలో అచ్చువేసే ఆ కాగితం నిత్యజీవితంలో కనబడే గళ్ళ పటాలన్నిటిలోకీ ముఖ్యమైనది. ప్రతి గడిలోనూ ఒక సెకనుకు 25 మిల్లీమీటర్ల అడ్డం, ఒక మిల్లీవోల్టుకు 10 మిల్లీమీటర్ల నిలువు ఉండడం మామూలు పద్ధతి. ఆ కొలమానం పాటించినట్టు సాక్ష్యంగా ఒక దీర్ఘచతురస్రాకారపు గుర్తు కూడా కాగితం మీద పడుతుంది. ఒక్కో గడి తనకు తోచిన కొలబద్దను ఎంచుకున్నట్టయితే, చిన్న తరంగం పెద్దదిగా, పెద్దది చిన్నదిగా కనిపించి వైద్యుడు తప్పుదారి పట్టేవాడు.

కంప్యూటరు మీద గళ్ళ పటాలు గీసేవారు ఈ విషయంలో ప్రత్యేకించి జాగ్రత్త వహించాలి. పైథాన్ భాషలో విస్తారంగా వాడే మ్యాట్‌ప్లాట్‌లిబ్, తనకు వేరే ఆదేశం ఇవ్వనంతవరకు, ప్రతి గడికీ దాని సంఖ్యలకు తగినట్టు విడి కొలబద్దను ఎంచుకుంటుంది. ఆర్ భాషలోని జీజీప్లాట్2, గళ్ళుగా విడదీయమన్నప్పుడు, అన్నిటికీ ఒకే కొలబద్ద ఉంచుతుంది. మొదటిదానిలో ఒక శాతం సాగిన నమూనా గీతా, పది శాతం సాగిన నమూనా గీతా ఒకే ఎత్తుకు లేచి, రెండూ ఒకే తీరున ప్రవర్తించాయన్న భ్రమ కలిగిస్తాయి. పటం గీసినవారికి మోసగించే ఉద్దేశం లేకపోయినా ఫలితం మోసమే అవుతుంది.

అయితే ఒకే కొలబద్ద అన్నివేళలా సులభం కాదు. ఒక ఉక్కు ఒకానొక ప్రతిబలం కింద 540 డిగ్రీల దగ్గర లక్ష గంటలు నిలుస్తుందనుకుంటే, తరువాత వివరించబోయే సూత్రం ప్రకారం 570 డిగ్రీల దగ్గర అది సుమారు 12,900 గంటలూ, 600 డిగ్రీల దగ్గర సుమారు 1,900 గంటలూ మాత్రమే నిలుస్తుంది. గడి వెడల్పు పది సెంటీమీటర్లనుకుని లక్ష గంటలనూ అందులో పరిస్తే, మొదటి గీత గడినిండా సాగుతుంది, రెండోది సెంటీమీటరున్నర లోపలే ముగుస్తుంది, మూడోది రెండు మిల్లీమీటర్లలో అణిగిపోయి గోడకు అంటిన మరకలా కనిపిస్తుంది.

దీనికి రెండు మందులున్నాయి. మొదటిది సంవర్గమాన కొలబద్ద, అంటే లాగరిథమ్ స్కేలు: ఇందులో 1నుంచి 10కీ, 10నుంచి 100కీ, 100నుంచి 1,000కీ ఒకే దూరం ఇస్తారు. ఒక గంటనుంచి లక్ష గంటల వరకు అయిదు సమాన భాగాలు చేస్తే పై మూడు గీతలూ పది, ఎనిమిదింపావు, ఆరున్నర సెంటీమీటర్ల దగ్గర ముగుస్తాయి. మూడూ చదవడానికి వీలుగా ఉంటాయి. ఎంతో ఎడం ఉన్న కాలాలను ఒకచోట చూపడానికి లోహశాస్త్రంలో ఇది అనివార్యమైన సాధనం. ఆంధ్రప్రదేశ్‌లో పుట్టి, 1992నుంచి 2002 వరకు జంషెడ్‌పూర్ పరిశోధనశాలకు సంచాలకుడిగా పనిచేసిన ఆచార్య పి. రామచంద్రరావు పరిశోధించిన శీఘ్ర ఘనీభవనంలో ద్రవలోహం సెకనుకు లక్షల డిగ్రీల వేగంతో చల్లారుతుంది. సెకనులో వెయ్యోవంతు అక్కడ ఎంత ముఖ్యమో, క్రీప్‌లో ఒక ఏడాది అంత ముఖ్యం. కానీ ఈ కొలబద్దకూ ఒక ఖరీదు ఉంది: స్థిరదశలోని సరళరేఖ ఇందులో వంగిపోతుంది, తెగేముందరి చివరి దశ కుడివైపు ఇరుకులో నలిగిపోతుంది.

గీత ఆకారమే ముఖ్యమైనప్పుడు రెండో మందు పనికివస్తుంది. ప్రతి గడిలోనూ కాలాన్ని ఆ నమూనా మొత్తం ఆయుష్షులో ఎన్నో వంతో లెక్కించి, సున్నానుంచి ఒకటి వరకు గీయాలి. అప్పుడు అన్ని గీతలూ ఒకే వెడల్పున పరుచుకుంటాయి, స్థిరదశ ఏ గడిలో ఎంత వంతు ఆక్రమించిందో తేటగా కనిపిస్తుంది. అసలు గంటల లెక్క పోతుంది గనుక దానిని ప్రతి గడిలో ఒక మూలన అంకెలలో రాయాలి. ఏదో ఒకటి వదులుకోక తప్పనప్పుడు, ఏమి వదులుకున్నారో పటం మీదనే చెప్పడం రచయిత బాధ్యత.

సగటులు దాచేది, గళ్ళు బయటపెట్టేది

ఇన్ని గళ్ళు ఎందుకు, సగటులు లెక్కగట్టి ఒక పట్టిక ఇస్తే చాలదా అని అడగవచ్చు. గణాంకవేత్త ఫ్రాన్సిస్ ఆన్స్‌కోంబ్ 1973లో నాలుగు చిన్న దత్తాంశాలతో దీనికి జవాబిచ్చాడు. ఒక్కోదానిలో పదకొండు బిందువులు. నాలుగింటిలోనూ అడ్డ అక్షపు సగటు 9, నిలువు అక్షపు సగటు 7.5, రెండు రాశులూ కలిసి నడిచే తీరును చెప్పే సహసంబంధ గుణకం సుమారు 0.816. పట్టికలో నాలుగూ కవలలే. పక్కపక్కన నాలుగు గళ్ళలో గీస్తే మొదటిది సరళరేఖ చుట్టూ చెదిరిన బిందువులు, రెండోది నునుపైన వంపు, మూడోది ఒక్క బిందువు దారితప్పిన సరళరేఖ. నాలుగోదానిలో పది బిందువులు ఒకే నిలువు గీత మీద నిలబడగా, దూరాన ఉన్న పదకొండోది ఒక్కటే మొత్తం లెక్కను తనవైపు లాగుతుంది.

మరొక ఉదాహరణ బార్లీ పంటకు సంబంధించినది. అమెరికాలోని మిన్నెసోటాలో ఆరు క్షేత్రాలలో పది వంగడాలను 1931లో, 1932లో సాగుచేసి నమోదు చేసిన 120 దిగుబడులను, గణాంకశాస్త్ర పితామహులలో ఒకరైన రోనాల్డ్ ఫిషర్ మొదలుకొని ఎందరో విశ్లేషించారు. క్లీవ్‌లాండ్ 1993లో వాటిని క్షేత్రానికొక గడిగా, ఒకే కొలబద్ద మీద, నిలువుగా పేర్చి చూపినప్పుడు, అయిదు క్షేత్రాలలో మొదటి ఏటి దిగుబడి ఎక్కువగా ఉండగా మోరిస్ అనే క్షేత్రంలో మాత్రం తలకిందులుగా ఉన్నట్టు బయటపడింది. నమోదులో ఏళ్ళు తారుమారై ఉంటాయని ఆయన అనుమానించాడు. 2013లో కెవిన్ రైట్ మరిన్ని ఏళ్ళ దిగుబడులను సేకరించి చూసి, అలాంటి తలకిందులు ఆ ప్రాంతంలో సహజంగానే జరగవచ్చునని వాదించాడు. తప్పు జరిగిందో లేదో పటం తీర్పు చెప్పలేదు; దశాబ్దాల తరబడి ఎవరూ అడగని ప్రశ్నను అడిగించింది.

గళ్ళు ఒకటైనప్పుడు

లక్ష గంటల సంగతి తెలుసుకోవడానికి ప్రతిసారీ పదకొండేళ్ళు ఎదురుచూడడం సాధ్యం కాదు. 1952లో లార్సన్, మిల్లర్ అనే ఇంజనీర్లు ఇందుకొక ఉపాయం చెప్పారు: ఎక్కువ వేడిలో తక్కువ కాలం, తక్కువ వేడిలో ఎక్కువ కాలం లోహానికి ఒకే చేటు చేస్తాయి కాబట్టి, తెగడానికి పట్టిన గంటల సంవర్గమానానికి 20 కలిపి, దానిని కెల్విన్‌లలోని ఉష్ణోగ్రతతో గుణిస్తే, ఒక ప్రతిబలానికి దాదాపు ఒకే సంఖ్య వస్తుంది. 540 డిగ్రీలంటే 813 కెల్విన్. లక్ష సంవర్గమానం 5. కాబట్టి 813ను 25తో గుణిస్తే 20,325. వేడి పది డిగ్రీలు పెరిగి 823 కెల్విన్ అయితే, 20,325ను 823తో భాగించి 20 తీసివేస్తే 4.696 మిగులుతుంది, అది 49,700 గంటల సంవర్గమానం. పది డిగ్రీల వేడి గొట్టం ఆయుష్షును సగానికి కోసింది. ఈ సంఖ్యను అడ్డ అక్షంగా తీసుకుంటే వేర్వేరు ఉష్ణోగ్రతల గళ్ళలోని బిందువులన్నీ ఒక్క గడిలోకి చేరి ఒకే గీత మీద కుదురుకుంటాయి.

ఈ కలయిక అందమైనదే గాని దాని మీద భరోసా పెట్టేముందు మళ్ళీ గళ్ళుగా విడదీసి చూడాలి. 9నుంచి 12 శాతం క్రోమియం ఉన్న ఉక్కులకు తక్కువ కాలపు పరీక్షలనుంచి వేసిన బలపు అంచనాలను, దీర్ఘకాలపు ఫలితాలు అందిన తరువాత తగ్గించవలసివచ్చింది. ఏళ్ళ తరబడి వేడిలో ఉన్న ఉక్కు లోపలి నిర్మాణమే మారిపోయి, దాని బలం అనుకున్నదానికన్నా త్వరగా క్షీణించింది. అన్ని ఉష్ణోగ్రతలనూ ఒకే గీతలో కలిపినప్పుడు మరుగునపడే ఆ దిగుడు, ఉష్ణోగ్రతకొక గడిగా ప్రతిబలాన్నీ కాలాన్నీ గీసినప్పుడు, ఎక్కువ వేడి ఉన్న గడిలో ముందుగా తల చూపుతుంది. గళ్ళను కలపడం సిద్ధాంతం చేసే పని అయితే, తిరిగి విడదీసి చూడడం ఆ సిద్ధాంతానికి పెట్టే పరీక్ష.

ఖాళీ గడి, బాణం గుర్తు

క్రీప్ పటాలలోని రెండు చిన్న మర్యాదలు ప్రతి రంగంలోని రచయితలూ పాటించదగినవి. మొదటిది ఖాళీ గడికి సంబంధించినది. తక్కువ వేడి, తక్కువ బరువు కలిసిన మూలలో పరీక్ష చేయకపోతే, పటం నిండుగా కనబడడానికి మిగతా గళ్ళను అక్కడికి జరపకూడదు. జరిపితే వరుసల అర్థం చెడిపోతుంది, చేయని పని చేసినట్టు పాఠకుడు పొరపడతాడు. ఆ చోటును ఖాళీగానే వదిలి చట్రం గీసి ఉంచితే, తరువాతి తరం పరిశోధకుడికి తన పని ఎక్కడ మొదలుపెట్టాలో అదే చూపిస్తుంది.

రెండోది, తెగిన కాలాలను చూపే పటంలో, ఇంకా తెగని నమూనా బిందువుకు కుడివైపు చూపే చిన్న బాణం తగిలించడం. ఆ నమూనా ఇన్ని గంటలు నిలిచిందనీ, దాని అసలు ఆయుష్షు అంతకు మించినదనీ ఆ గుర్తుకు అర్థం. జపాన్‌లో 1969 జూన్‌లో మొదలైన ఒక ఉక్కు పరీక్ష నలభై ఏళ్ళకు పైగా సాగింది. బరువు వేలాడదీసిన తరం పదవీ విరమణ చేసి వెళ్ళిపోయినా కొలిమి వెలుగుతూనే ఉంది. అంత ఓపికతో సేకరించిన సంఖ్యలను పాఠకుడి ముందు పరిచేటప్పుడు అక్షాలు కలిపి, కొలబద్ద ఒకటి చేసి, వరుసలకు పేర్లు పెట్టి, ఖాళీని ఖాళీగా చూపడానికి పట్టేది ఒక పూట శ్రమ. బాయిలరు గొట్టం పక్కన నిలబడి పనిచేసే మనిషి క్షేమం ఆ పటాన్ని సరిగా చదవడం మీద ఆధారపడి ఉంటుంది కనుక, ఆ పూట శ్రమను పరిశోధనలో భాగంగానే లెక్కించాలి.